ఎవరి కాలు చూడాలి? పిల్లల బేస్‌బాల్‌లో బాక్ ఉన్న ఆట, లేని ఆట

జనవరి, ఫిబ్రవరి వచ్చిందంటే అమెరికాలో పిల్లలున్న ఇళ్లకు బేస్‌బాల్ రిజిస్ట్రేషన్ మెయిళ్లు మొదలవుతాయి. ఫ్రిస్కో, ఎడిసన్, ఫ్రీమాంట్ ఎక్కడైనా అంతే. ఫారం చివర వాలంటీర్‌గా ఏం చేస్తారని అడిగే గడి ఒకటుంటుంది. స్నాక్స్ డ్యూటీ అప్పటికే ఎవరో తీసేసుకుంటారు, మిగిలేది అంపైరింగ్. "చిన్నప్పట్నుంచీ క్రికెట్ చూస్తున్నవాడివి, నీకేం కష్టం" అని తోటి నాన్న ఎవరో ఎక్కిస్తారు. సరేనని దిగుతాం.

స్ట్రైకు, బాలు, సేఫు, ఔటు... ఇవన్నీ రెండు వారాల్లో చేతికొచ్చేస్తాయి. చిక్కంతా ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు వస్తుంది. బంతి వేసే పిచర్ భుజం అలా ఒకసారి కదుపుతాడు, అంతే, అవతలి టీమ్ కూచునే డగౌట్ మొత్తం లేచి "బాక్! బాక్!" అని అరుస్తుంది. పిచర్ రన్నర్‌ని మోసం చేసేలా కదిలాడని దానర్థం. అందరూ మీ మొహం వంక చూస్తారు.

ఆ క్షణంలో ఏం చేయాలన్నది చాలావరకు ఆ క్షణంలో తేలేది కాదు. సీజన్ మొదలవకముందే చేసిన మూడు ఎంపికల మీద ఆధారపడి ఉంటుంది: పిల్లాణ్ని ఏ రకం లీగ్‌లో వేశారు, వాడికి ఏ పొజిషన్ నుంచి పిచ్ చేయడం నేర్పారు, బాక్‌ని ఎంత గట్టిగా పట్టుకోవాలని లీగ్ అనుకుంది. నా లెక్క ముందే చెప్పేస్తాను. పదేళ్లలోపు పిల్లలకు బాక్ లేని ఆట చాలు. పదకొండు, పన్నెండులో పిచింగ్ మీద మోజున్న పిల్లాణ్ని బాక్ ఉన్న ఆటలోకి పంపండి. పిచర్‌కి మొదట సెట్ పొజిషన్ (పక్కకు తిరిగి నిలబడి, ఒక్క క్షణం ఆగి వేసే పద్ధతి) ఒక్కటే నేర్పండి. అంపైర్‌గా మీరైతే, ఏ తప్పు జరిగిందో ఒక్క వాక్యంలో చెప్పగలిగిన బాక్‌లే ఇవ్వండి. ఎందుకో కింద రాస్తున్నాను.

బాక్ అనేది ఎందుకుంది

బేస్ మీదున్న రన్నర్ తర్వాతి బేస్ కొట్టేయాలంటే నాలుగడుగులు ముందుకు జరిగి నిలబడతాడు. దాన్నే లీడ్ అంటారు. పిచర్ బంతిని బ్యాటర్‌కి వేస్తాడా, లేక ఠక్కున బేస్‌కి విసిరి తనను ఔట్ చేస్తాడా అని కాచుకుని ఉంటాడు. పిచర్ వేస్తున్నట్టు ఊపు మొదలుపెట్టి, రన్నర్ కదలగానే ఆపేసి బేస్‌కి విసిరే వీలుంటే ఏ రన్నరూ బతకడు. అందుకని రూలు పెట్టారు: ఊపు మొదలుపెడితే వేసి తీరాలి, బేస్‌కి విసరాలంటే ముందు కాలు ఆ బేస్ వైపు వేయాలి, చేతులు కలిపాక ఒక్క క్షణం నిలకడగా ఆగాలి. వీటిలో ఏది తప్పినా బాక్. బేస్‌ల మీదున్న రన్నర్లందరూ తలా ఒక బేస్ ముందుకెళ్తారు. రన్నరే లేకపోతే బాక్ ప్రసక్తే లేదు.

ఇది మన నోబాల్ లాంటిదేనా అని కొత్తగా వచ్చిన నాన్నలందరూ అడుగుతారు. కొంతవరకే. నోబాల్‌కి నేలమీద గీత ఉంటుంది, కాలు ఎక్కడ పడిందో చూస్తే తేలిపోతుంది. బాక్‌కి గీత లేదు. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ వాళ్లు వాడే అధికారిక రూల్ పుస్తకం పదమూడు రకాల బాక్‌లు ఏకరువు పెడుతుంది. అయినా ప్రతిసారీ మీరు చూసి తేల్చాల్సింది కదలికనే. పన్నెండేళ్ల పిల్లాడి ఒంట్లో కదలికలకు లెక్కేముంటుంది? ముక్కు దురద పెడుతుంది, టోపీ జారుతుంది, అమ్మ ఎక్కడుందో చూసుకుంటాడు.

ఏ లీగ్?

పిల్లల బేస్‌బాల్ సంస్థ లిటిల్ లీగ్ 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో మొదలైంది. అందులో పన్నెండేళ్ల దాకా ఆడే మేజర్స్ డివిజన్‌లో బేస్‌కీ బేస్‌కీ మధ్య 60 అడుగులు, పిచర్ కాలు ఆనించే రబ్బర్ పలక నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కి 46 అడుగులు. ఇక్కడ అసలు రూలు ఒక్కటే: పిచ్ (అంటే పిచర్ వేసిన బంతి) బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. లీడ్ లేదు కాబట్టి మోసపోయేవాడూ లేడు, కాబట్టి బాక్ లేదు. పిచర్ రబ్బర్‌ని తాకకుండా వేసినా, బ్యాటర్ సిద్ధం కాకముందే గబుక్కున వేసినా దాన్ని ఇల్లీగల్ పిచ్ అంటారు. బ్యాటర్ ఖాతాలో ఒక బాల్ పడుతుంది (నాలుగు బాల్స్ అయితే ఉచితంగా ఫస్ట్ బేస్, దాన్నే వాక్ అంటారు), రన్నర్లు ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. ఆ పిచ్‌నే బ్యాటర్ బాగా కొట్టాడనుకోండి, ఆ ఫలితమే ఉంచుకుంటామని బ్యాటింగ్ టీమ్ మేనేజర్ అడగొచ్చు.

ఈ ఆటలో అంపైర్ కన్ను రన్నర్ కాలు మీద ఉండాలి. ముందే కదిలితే చేతిలో ఉన్న గుడ్డనో జెండానో నేలమీద పడేసి ఆట సాగనివ్వాలి, అయ్యాక రన్నర్‌ని ఎక్కడ నిలబెట్టాలో తేల్చాలి. ఆ తేల్చడమూ చిన్న పనేం కాదు. కానీ బేస్ మీద పాదం ఉందా లేదా అన్నది ఎవరికైనా కనిపిస్తుంది. తల్లిదండ్రులతో వాదన తక్కువ.

లీడ్ అనుమతించిన ఆటలోకి వెళ్లగానే మొత్తం తిరగబడుతుంది. ఇప్పుడు రన్నర్ కాలు ఎక్కడున్నా మీకు పట్టదు, పిచర్ కాలు చూడాలి. లిటిల్ లీగ్‌లో దీనికి మొదటి మెట్టు ఇంటర్మీడియట్ డివిజన్. 50 అడుగుల పిచింగ్, 70 అడుగుల బేస్‌లు కాబట్టి అందరూ 50/70 అనే పిలుస్తారు. 2013 నుంచి పూర్తిస్థాయి డివిజన్‌గా నడుస్తోంది, వయసు 11 నుంచి 13. దీని వరల్డ్ సిరీస్ కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో జరుగుతుంది. బే ఏరియాలో ఉండేవాళ్లు ఒక పూట వెళ్లి చూస్తే పిల్లలకు ఏ వీడియో చూపించనక్కర్లేదు. 1951లో మొదలైన పోనీ (PONY) లీగ్‌లో లీడ్ ఇంకా ముందే వచ్చేస్తుంది. పదకొండు, పన్నెండేళ్లవాళ్లు ఆడే బ్రాంకో డివిజన్‌లో 70 అడుగుల బేస్‌లు. పదమూడు, పద్నాలుగేళ్లవాళ్లకు 80. డబ్బు కట్టి ఊళ్లు తిరిగే ట్రావెల్ టీముల సంగతి వేరు. అక్కడ చిన్నపిల్లలు కూడా లీడ్ తీసుకుంటారు, టోర్నమెంటు టోర్నమెంటుకీ రూలు మారుతుంది.

ఎంపిక దగ్గరికొస్తే, తొమ్మిది పదేళ్ల పిల్లాడికి లీడ్ ఉన్న ఆట నేను సలహా ఇవ్వను. ఆ వయసులో పిచర్ వేసే బంతి ప్లేట్ మీదుగా వెళ్లడమే గొప్ప. వాక్ వచ్చినవాడు తర్వాతి పిచ్‌కి సెకండ్, ఆ తర్వాతి పిచ్‌కి థర్డ్ కొట్టేస్తాడు. బ్యాటర్ వెనక కూచునే క్యాచర్ విసిరిన బంతి సెంటర్ ఫీల్డ్‌కి పోతుంది. బ్యాట్‌కి బంతి తగలకుండానే రన్ వచ్చేస్తుంది. పాపం ఔట్‌ఫీల్డ్‌లో పిల్లలు గడ్డి పీక్కుంటూ కూచుంటారు. దీనిమీద బాక్‌లు కూడా ఇస్తూ పోతే ఇన్నింగ్స్ తెమలదు.

పదకొండు, పన్నెండు వేరు. పిచింగ్ అంటే ఇష్టపడే పిల్లాడు ఆ వయసులో మేజర్స్‌లోనే ఉండిపోతే ఏడాది తిరక్కుండా 60 అడుగుల 6 అంగుళాల పిచింగ్, 90 అడుగుల బేస్‌లున్న పెద్ద మైదానంలోకి వెళ్లాలి. దూరం పెరగడం, రన్నర్‌ని కాచుకోవడం, బాక్ భయం మూడూ ఒకేసారి మీద పడతాయి. 50/70లో ఒక సీజన్ ఆడితే రెండోదీ మూడోదీ ముందే అలవాటవుతాయి. పిచింగ్ జోలికే పోని పిల్లాడికి ఈ తొందర అక్కర్లేదు, స్నేహితులున్న టీమ్‌లో ఉంచండి.

ఇందులో ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఒకటుంది. లిటిల్ లీగ్‌లో రోజుకు తొమ్మిది పదేళ్లవాళ్లకి 75, పదకొండు పన్నెండేళ్లవాళ్లకి 85 పిచ్‌ల పరిమితి ఉంది. బేస్‌కి విసిరే పికాఫ్ త్రోలు ఆ లెక్కలోకి రావు. లీడ్ ఉన్న ఆటలో కోచ్ మాటిమాటికీ ఫస్ట్‌కి విసిరిస్తుంటే స్కోరు పుస్తకంలో 60 అని ఉన్నా, చెయ్యి 90 విసిరి ఉంటుంది. ఇంటికొచ్చాక వాడు మోచెయ్యి పట్టుకుంటే ఆ తేడా గుర్తుచేసుకోండి.

వైండప్ నేర్పాలా, సెట్ నేర్పాలా?

చట్టబద్ధమైన పొజిషన్లు రెండే. రెండింటిలోనూ ఒక కాలు రబ్బర్‌ని తాకుతూ ఉండాలి. దాన్ని పివట్ కాలు అంటారు, కుడిచేతివాటం పిచర్‌కి అది కుడికాలు. రెండోదాన్ని ఇక్కడ ముందు కాలు అందాం.

వైండప్‌లో పిచర్ బ్యాటర్‌కి ఎదురుగా నిలబడతాడు. ముందు కాలు ఒకడుగు వెనక్కి, ఒకడుగు ముందుకు వేసే స్వేచ్ఛ ఉంటుంది. లయ కుదిరితే చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఊపు మొదలయ్యాక ఆపడానికి లేదు. రబ్బర్ దిగాలంటే పివట్ కాలే ముందు వెనక్కి తీయాలి. పిల్లలు ఎదురుగా నిలబడి ఉన్నప్పుడు అలవాటుగా ముందు కాలు వెనక్కి వేసేస్తారు. అది పిచ్ మొదలెట్టినట్టే లెక్క, ఆపితే బాక్. ఇంకో మెలిక: మేజర్ లీగ్ పుస్తకం ప్రకారం వైండప్‌లో నిలబడి, ఊపు మొదలుకాకముందు, బేస్ వైపు కాలు వేసి విసరొచ్చు. హైస్కూల్ పుస్తకం ప్రకారం అది కుదరదు, రబ్బర్ దిగాకే విసరాలి.

సెట్‌లో పిచర్ పక్కకు తిరిగి నిలబడతాడు. పివట్ కాలు రబ్బర్‌కి ఆనించి, ముందు కాలు రబ్బర్‌కి ముందు ఉంచి, చేతులు రెండూ ఒంటి ముందు కలిపి ఆగుతాడు. అక్కణ్నుంచి మూడు దారులు: పిచ్ వేయడం, బేస్ వైపు కాలు వేసి విసరడం, పివట్ కాలు వెనక్కి తీసి రబ్బర్ దిగడం. రన్నర్లు ఉన్నప్పుడు ఆగడం తప్పనిసరి. ఆగకుండా చేతులు కలిపీ కలపంగానే వేసేస్తే బాక్. పిల్లల ఆటలో నేను చూసే బాక్‌లలో ఎక్కువ ఇదే.

నా ఓటు సెట్‌కే. కారణం ఆటలోనే ఉంది. పిల్లల మ్యాచ్‌లో బేస్‌లు ఖాళీగా ఉండేది ఇన్నింగ్స్‌లో మొదటి రెండు మూడు నిమిషాలే, ఆ తర్వాత ఎవరో ఒకరు ఉంటూనే ఉంటారు. అంటే ఎక్కువ పిచ్‌లు వేయాల్సింది ఎలాగూ సెట్ నుంచే. వైండప్ ఒకటి, సెట్ ఒకటి నేర్చుకుని, రన్నర్ వచ్చినప్పుడల్లా మారుతూ, రెండింటి రబ్బర్ దిగే పద్ధతులూ గుర్తుపెట్టుకోవడం పదకొండేళ్లవాడి బుర్రకి అనవసర భారం. మేజర్ లీగ్‌లోనే ఆట మధ్యలో దిగే చాలామంది పిచర్లు (రిలీవర్లు) బేస్‌లు ఖాళీగా ఉన్నా సెట్ నుంచే వేస్తారు. వైండప్‌లో వేగం పెరుగుతుందన్న నమ్మకం ఉంది గానీ, ఆ వయసులో వేగం కన్నా బంతి ప్లేట్ మీద పడటం ముఖ్యం.

ఈ రెంటికీ మధ్యస్తంగా మూడో భంగిమ ఒకటి టీవీలో కనిపిస్తుంది. పివట్ కాలు రబ్బర్‌కి సమాంతరంగా పెట్టి, సెట్‌లా నిలబడి, ఆగకుండా వైండప్‌లా వేసేస్తుంటారు. మేజర్ లీగ్ దీనికో లెక్క పెట్టింది: రన్నర్లున్నప్పుడు అలా నిలబడితే సెట్ కిందే జమ, కాదు వైండప్ అంటే బ్యాటర్ రాకముందే అంపైర్‌కి చెప్పాలి. మీ పిల్లాడు దీన్ని టీవీలో చూసి దించుతుంటే ఆపించండి. ఆదివారం పొద్దున్న వాలంటీర్ అంపైర్‌తో ఈ చర్చ పెట్టుకుంటే తేలదు.

రబ్బర్ దిగడం మీద ఒక మాట. పివట్ కాలు రబ్బర్ వెనక్కి తీసి దిగిన పిచర్ ఆ క్షణం నుంచి మామూలు ఇన్‌ఫీల్డరే. ఏ బేస్‌కైనా విసిరినట్టు నటించొచ్చు, ఆగిపోవచ్చు, బంతి కింద పడేసుకోవచ్చు, బాక్ రాదు. దీనికీ ఖరీదుంది. రబ్బర్ మీదుండి విసిరిన పికాఫ్ మైదానం దాటి పోతే రన్నర్లకు ఒక బేస్, దిగి విసిరింది పోతే రెండు బేస్‌లు. అయినా కంగారుపడే పిల్లాడికి నేర్పాల్సిన మొదటి పాఠం ఇదే: ఏం చేయాలో తోచకపోతే వెనక కాలు తీసి దిగిపో. మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) లేకపోయినా ఇంటి వెనకాల ఒక చెక్కముక్క పెట్టి సాధన చేయించొచ్చు. మీరు "దిగు" అని అరవడం, వాడు వెనక్కి దిగడం. భుజాలు కదలకుండా కాలు ఒక్కటే వెళ్లేదాకా.

ఎడమచేతి పిచర్

ఎడమచేతివాడు సెట్‌లో నిలబడితే ఎదురుగా ఫస్ట్ బేస్ ఉంటుంది. ఆ రన్నర్‌నే చూస్తూ మోకాలు పైకెత్తుతాడు. ఆ మోకాలు గాల్లో ఉన్నంతసేపూ అవతలి డగౌట్‌కి ఊపిరాడదు, ఎందుకంటే అక్కణ్నుంచి పిచ్ వేసినా, ఫస్ట్‌కి విసిరినా మొదటి సగం అచ్చం ఒకేలా ఉంటుంది.

చూడాల్సినవి రెండే. ఒకటి, ఎత్తిన పాదం రబ్బర్ వెనకంచు దాటి వెళ్లిందా? దాటితే ఇక ఫస్ట్‌కి విసరడానికి లేదు. పిచ్ వేయాలి, లేదా సెకండ్ బేస్‌కి పికాఫ్ వేయాలి. రెండు, ఆ పాదం ఎక్కడ దిగింది? రూలు నేరుగా బేస్ వైపు అడుగు వేయాలంటుంది. నేరుగా అంటే ఎంత నేరుగా అన్నదానికి అంపైర్లు వాడే కొలత ఒకటుంది: హోమ్‌కీ ఫస్ట్‌కీ సరిగ్గా మధ్యన, 45 డిగ్రీల్లో ఒక గీత ఉన్నట్టు ఊహించుకుంటారు. పాదం ఆ గీతకి ఫస్ట్ వైపు దిగితే సరే, హోమ్ వైపు దిగి ఫస్ట్‌కి విసిరితే బాక్. ఆట మొదలవకముందు వార్మప్ చేస్తున్నప్పుడు మౌండ్ మట్టిమీద మీ చూపుతోనే ఆ గీత గీసుకుని, ఓ గులకరాయినో గడ్డిపోచనో గుర్తు పెట్టుకోండి.

కుడిచేతివాడి విషయంలో తప్పుడు అరుపులు ఎక్కువ. వాడు ఫస్ట్‌కి విసరాలంటే గిర్రున తిరగాలి, ఎగిరి తిరుగుతాడు. రెండు కాళ్లూ గాల్లో లేవగానే బాక్ అంటారు. అది చట్టబద్ధమే, ముందు కాలు బేస్ వైపు కొంత నేల గెలిచి, త్రో కన్నా ముందు పడితే చాలు. ఉన్నచోటే బొంగరంలా తిరిగి విసిరితేనే తప్పు.

ఎంత గట్టిగా ఇవ్వాలి?

లీగ్ బోర్డులు సాధారణంగా మూడు దారుల్లో ఒకటి పట్టుకుంటాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఇవ్వడం, ప్రతి పిచర్‌కీ ఒక హెచ్చరిక ఇచ్చి తర్వాత నుంచి ఇవ్వడం, కొట్టొచ్చినట్టు కనిపిస్తేనే ఇవ్వడం.

పుస్తకం ప్రకారమే పోదామనేవాళ్లు 1988 మేజర్ లీగ్ సీజన్ ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఆ ఏడాది సెట్‌లో ఆగడం గురించిన వాక్యాన్ని మార్చి, స్పష్టంగా కనిపించేలా ఆగాలని రాసి, అంపైర్లకు గట్టిగా చెప్పారు. అంతకుముందు ఏడాది 356 బాక్‌లుంటే ఆ ఏడాది 924 అయ్యాయి. ఓక్లాండ్ పిచర్ డేవ్ స్టూవర్ట్ ఒక్కడే 16 చేశాడు. పిచర్లు రాత్రికి రాత్రి మోసగాళ్లైపోయారా? చూసే కళ్లు మారాయి, అంతే. తర్వాతి ఏడాదికి ఆ భాష వెనక్కి తీసుకున్నారు. 2022 సెప్టెంబర్ 27న మయామీ పిచర్ రిచర్డ్ బ్లయర్ ఒకే బ్యాటర్‌కి వేస్తూ మూడు బాక్‌లు ఇప్పించుకున్నాడు. ఫస్ట్ బేస్ మీదున్న రన్నర్ పరుగెత్తకుండానే హోమ్‌కి నడిచొచ్చేశాడు. అప్పటిదాకా తన కెరీర్ మొత్తంలో బ్లయర్‌కి ఒక్క బాక్ లేదు. పెద్దవాళ్ల పరిస్థితే అది. ఇక పదకొండేళ్లవాడు తల్లిదండ్రుల ముందు మూడుసార్లు అదే మాట వింటే నాలుగోసారి బంతి పట్టుకోడు.

అలాగని కనిపిస్తేనే ఇద్దాం అనే మూడో దారీ నాకు నచ్చదు. ఏది కొట్టొచ్చినట్టు కనిపించిందన్నది ఒక్కో అంపైర్‌కి ఒక్కోలా ఉంటుంది. పోయిన శనివారం ఇవ్వనిది ఈ శనివారం ఇచ్చారని గొడవ. రన్నర్లకూ అన్యాయమే. ఆగకుండా వేసే పిచర్ మీద ఎవరూ బేస్ కొట్టేయలేరు.

50/70లోనూ బ్రాంకోలోనూ రెండో దారే మేలు: ఒక్కో పిచర్‌కి ఆటలో ఒక హెచ్చరిక. హెచ్చరిక అంటే వేలు చూపించి వదిలేయడం సరిపోదు. టైమ్ అడిగి, మౌండ్ దాకా వెళ్లి, కోచ్‌ని కూడా పిలిచి, "నీ చేతులు ఛాతీ దగ్గర కలిశాయి గానీ ఆగలేదు, ఒక్క క్షణం ఆగు" అని చెప్పాలి. పిల్లాడికి అర్థమైందో లేదో వాడి మొహంలో తెలిసిపోతుంది. ఏప్రిల్ చివరి దాకా ఈ పద్ధతి నడిపి, మే నుంచి హెచ్చరికలు తీసేసే లీగులు ఉన్నాయి, అది ఇంకా బాగుంది. 13 దాటినవాళ్లకి మొదటిరోజు నుంచే ఇచ్చేయండి, హైస్కూల్‌లో ఎవరూ హెచ్చరించరు.

కాస్త గట్టిగానే పట్టుకోవాల్సినవి కొన్నున్నాయి. సెట్‌లో ఆగకపోవడం, ఊపు మొదలెట్టి ఆపేయడం, ఫస్ట్‌కి విసిరినట్టు నటించి విసరకపోవడం, రబ్బర్ మీద ఉండగా బంతి చేతిలోంచి జారిపడటం. ఇవి అవతల కూచున్న అమ్మమ్మకి కూడా కనిపిస్తాయి, రన్నర్‌కి నష్టమూ చేస్తాయి. చేతులు కలిపి ఆగాక ఒక చెయ్యి తీసేయడం కూడా పుస్తకంలో బాకే. అది చెమట తుడుచుకోవడం కోసమని తెలుస్తున్నప్పుడు, పైగా రన్నర్ కదలనప్పుడు, హెచ్చరికతో పోనివ్వచ్చు. మీకు ఏదో తేడాగా అనిపించింది గానీ ఏమిటో చెప్పలేకపోతున్నారా? అది బాక్ కాదు. కోచ్ వచ్చి "ఏం చేశాడు?" అని అడిగితే జవాబు మీ దగ్గర ఉండాలి.

ఏ పుస్తకం మీద ఆడుతున్నారు?

ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ గొడవలు ఎక్కువ ఇక్కడే. మేజర్ లీగ్ పుస్తకంలోనూ, దాన్ని అనుసరించే లిటిల్ లీగ్ పెద్ద డివిజన్లలోనూ బాక్ అనగానే బంతి చచ్చిపోదు. ఫస్ట్‌లో రన్నర్ ఉన్నాడు, పిచర్ ఆగకుండా వేశాడు, మీరు వేలు చూపించి "దట్స్ ఎ బాక్" అన్నారు, బ్యాటర్ ఆ బంతినే కొట్టి ఫస్ట్ చేరాడు, రన్నర్ థర్డ్ చేరాడు. బ్యాటరూ రన్నరూ కనీసం ఒక్కో బేస్ ముందుకెళ్లారు కాబట్టి బాక్ మర్చిపోవచ్చు, ఆట సాగుతుంది. అదే బంతిని గాల్లోకి లేపి క్యాచ్ ఇచ్చాడనుకోండి, ఔట్ చెల్లదు. రన్నర్ సెకండ్‌కి, బ్యాటర్ మళ్లీ ప్లేట్ దగ్గరికి.

హైస్కూల్ పుస్తకంలో బాక్ అయిన మరుక్షణం బంతి డెడ్. తర్వాత బ్యాటర్ హోమ్ రన్ కొట్టినా లెక్కలోకి రాదు. కంచె దాటిన బంతిని వెనక్కి పిలవడం ఎంత కష్టమో ఊహించుకోండి. కాబట్టి ఆ పుస్తకం మీద ఆడే ఆటల్లో మీ "టైమ్!" గట్టిగా, వెంటనే వినపడాలి, చేతులు పైకెత్తాలి. మొదటి పుస్తకంలో మాత్రం తొందరపడి టైమ్ అనకండి, బ్యాటర్‌కి దక్కాల్సింది పోతుంది.

థర్డ్ బేస్‌కి విసిరినట్టు నటించడంలోనూ తేడా ఉంది. మేజర్ లీగ్ 2013లో దాన్ని బాక్ చేసేసింది. హైస్కూల్ పుస్తకంలో ఇప్పటికీ కాలు వేసి నటించొచ్చు. ఫస్ట్‌కి మాత్రం ఎక్కడా కుదరదు. సెకండ్‌లో రన్నర్ ఉంటే అక్కడికి కాలు వేసి నటించడం రెండు చోట్లా సరే. టీవీలో పిచ్ క్లాక్, రెండుసార్లకు మించి దిగితే బాక్ అన్న లెక్క చూసి కొందరు నాన్నలు ఇక్కడా అడుగుతారు. అది 2023లో మేజర్ లీగ్ తన కోసం పెట్టుకున్నది, మన పిల్లల మైదానానికి తేకండి.

శిక్ష ఒక్కోసారి పిచర్‌కే లాభం కూడా. 2019 జూన్ 14న డాడ్జర్స్ జట్టు క్లోజర్ (ఆట చివర్లో దిగే పిచర్) కెన్లీ జాన్సెన్ రెండు రన్‌ల ఆధిక్యంలో ఉండి కావాలనే బాక్ చేశాడు. సెకండ్ మీదున్న రన్నర్ క్యాచర్ సైగలు చూసి బ్యాటర్‌కి అందిస్తాడేమోనని వాణ్ని థర్డ్‌కి సాగనంపాడు. మీ పన్నెండేళ్లవాడికి ఈ కథ చెప్పకపోవడమే మంచిది.

ఎక్కడ నిలబడాలి?

ఇద్దరు అంపైర్లుంటే పని సగమవుతుంది. ఫస్ట్‌లో మాత్రమే రన్నర్ ఉంటే బేస్ అంపైర్ మౌండ్‌కీ సెకండ్ బేస్‌కీ మధ్య, ఫస్ట్ బేస్ వైపు నిలబడతాడు. సెకండ్ లేదా థర్డ్‌లో రన్నర్ ఉంటే షార్ట్‌స్టాప్ వైపుకి, అంటే థర్డ్ బేస్ వైపుకి, మారతాడు. అతనికి పిచర్ వీపు కనిపిస్తుంది, కాలు రబ్బర్ దిగిన తీరు కనిపిస్తుంది, చేతులు ఆగాయో లేదో కనిపించకపోవచ్చు. అది క్యాచర్ వెనకుండే ప్లేట్ అంపైర్ చూడాలి. ఎడమచేతివాడి అడుగు ఎటు దిగిందో మాత్రం ఇద్దరూ చూడాలి. ఎవరు చూసినా బాక్ ఇవ్వచ్చు. ఆటకు ముందు పార్కింగ్ దగ్గరే రెండు నిమిషాలు మాట్లాడుకుంటే చాలు.

ఒక్కరే ఉన్నప్పుడు, పిల్లల ఆటల్లో చాలాసార్లు ఒక్కరే ఉంటారు, క్యాచర్ వెనక ఉండి స్ట్రైక్‌జోన్ చూస్తూ ఎడమచేతివాడి పాదం వంపు కూడా చూడటం అయ్యేపని కాదు. ఆగాడా లేదా, ఊపు మొదలెట్టి ఆపాడా, ఈ రెండూ చూడండి. మిగతావి మీకు కనిపించనట్టే. అవతలి కోచ్‌కి ఆ మాట ప్లేట్ మీటింగ్‌లోనే చెప్పేస్తే తర్వాత అరవడు, అరిచినా తక్కువ అరుస్తాడు.

రిజిస్టర్ చేసేముందు అడగాల్సినవి

లీగ్ వాళ్లకు మెయిల్ పెట్టి, మా డివిజన్‌లో లీడ్ ఉందా, బాక్‌కి హెచ్చరిక ఉందా, ఉంటే పిచర్‌కి ఒకటా టీమ్‌కి ఒకటా, ఎప్పటిదాకా, ఏ రూల్ పుస్తకం మీద ఆడతారు, ఆటకు ఎందరు అంపైర్లు అని అడగండి. టీమ్‌కి ఒక హెచ్చరిక అని జవాబొస్తే కాస్త ఆలోచించండి. మొదటి ఇన్నింగ్స్‌లో వేసినవాడు హెచ్చరిక వాడేసుకుంటే, నాలుగో ఇన్నింగ్స్‌లో మొదటిసారి మౌండ్ ఎక్కిన మీవాడికి ఏమీ మిగలదు. ట్రావెల్ టీమ్ అయితే కోచ్‌ని ఇంకోటి అడగాలి: ఒక ఆటలో సగటున ఎన్నిసార్లు పికాఫ్ వేయిస్తారు? దానికి తడుముకోకుండా జవాబు చెప్పి, ఆ త్రోలు కూడా లెక్కపెట్టే కోచ్ దొరికితే, ఫీజు కాస్త ఎక్కువైనా అక్కడే చేర్పించండి.